మామ నాకు గడ్డమిచ్చిన రోజు

మామ పోయాడని జమ్మలమడుగు నుంచి ఫోను వచ్చేటప్పటికి నా కుర్చీలో కూర్చున్న మనిషికి కుడి చెంప పూర్తయింది. ఎడమ చెంప మీద నురగ ఇంకా అలాగే ఉంది. ఫోను చేసింది మా బామ్మర్ది. "బావా, నాయన పోయినాడు" అని ఒక్క మాట అని పెట్టేశాడు. ప్రొద్దుటూరులోని నా సెలూనులో ఆ సమయానికి మరెవరూ లేరు. అద్దంలో నా ముఖం చూసిన ఆ గిరాకీ తానే మెడ చుట్టూ ఉన్న గుడ్డ విప్పుకోబోయాడు.

"నువ్వు పోప్పా, మిగిలింది నేను ఇంటికాడ గీసుకుంటాలే" అన్నాడు.

నేను ఆయన భుజం మీద చేయి వేసి మళ్ళీ కూర్చోబెట్టాను. "సగం గెడ్డంతో మనిషిని కుర్చీలోంచి లేపగూడదురా. లేపితే ఆ పొద్దంతా వాడు సగం మనిషే" అని నాకు చెప్పింది మామే. ఆయన పోయిన వార్త విన్న తరువాత నేను చేసిన మొదటి పని ఆయన మాట నిలబెట్టడం. ఎడమ చెంపను తొందరపడకుండా పూర్తి చేసి, పటిక రాసి, ఆ మనిషిని వాకిలి దాకా సాగనంపి షట్టరు దించాను. తరువాత గోడకు వేలాడుతున్న, కత్తికి పదును తెచ్చే తోలుపట్టీని కొక్కెం నుంచి తీసి, గుడ్డలో చుట్టి, కత్తితోపాటు సంచిలో పెట్టుకొని జమ్మలమడుగు బస్సు ఎక్కాను.

ఈ తోలుపట్టీ గురించి, దాని వల్ల నాకు దక్కిన గౌరవం గురించి పాఠకులకు చెప్పడమే మామకు నేను చేయగలిగిన స్మరణ అని తలచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన మా అమ్మకు తమ్ముడు. తరువాత నాకు పిల్లనిచ్చిన మామ కూడా అయ్యాడు. మా కులంలో చాలా ఇళ్ళలో ఉన్నట్లే ఆయన ఇంట్లోనూ రెండు విద్యలు ఉండేవి. పొద్దున క్షవరం, పండుగకూ పెళ్ళికీ మేళం. మామ ఒక చేత్తో కత్తి పట్టేవాడు, రెండు చేతులతో డోలు వాయించేవాడు. రెండింటిలోనూ తనను మించినవాడు ముద్దనూరు నుంచి దువ్వూరు వరకు లేడని ఎవరూ అడగకుండానే చెప్పేవాడు. వినయం ఆయనకు చేతకాని పని. "నా చెంప ముట్టుకో సూడు. పసిబిడ్డ చెంప గూడా ఇంత నున్నగుండదు" అని వీధిలో పోయే వాళ్ళను ఆపి ముట్టించేవాడు. ముట్టుకోవడానికి సందేహించిన వాళ్ళ చేయి తానే లాగి చెంపకు ఆనించుకొనేవాడు.

నాకు పని నేర్పింది సొరకాయల మీద. లేత సొరకాయకు సన్నని నూగు ఉంటుంది. దాని మీద సబ్బు నురగ పూసి, కత్తితో ఆ నూగు మాత్రమే తీయాలి, తొక్క మీద గీత పడకూడదు. గీత పడిన కాయలన్నీ అత్త వంటింట్లోకి వెళ్ళేవి. నేను నేర్చుకొన్నన్నాళ్ళు ఆ ఇంట్లో సొరకాయ కూర తప్ప మరొకటి వండినట్లు నాకు గుర్తు లేదు.

"నీ మేనల్లునికి పని వచ్చేలోగా మా నోట్లోంచి సబ్బు నురగ వస్చాది" అని అత్త గొణిగేది.

"రానీలే. ఆ నురగతోనే నాకు గెడ్డం జేస్తాడు" అని మామ నవ్వేవాడు.

ఆ పరిహాసంలోనే మా ఇంటి ఆచారం ఒకటి దాగి ఉంది. మా ఇళ్ళలో శిష్యుడు ఎన్ని గడ్డాలు చేసినా, ఎంత పేరు తెచ్చుకొన్నా, పని నేర్పినవాడు కుర్చీలో వెనక్కి వాలి తన గొంతును అతడి కత్తి కిందికి అప్పగించేవరకు అతడు పనివాడు కాడు. దానినే గడ్డమివ్వడం అంటారు. ఆ రోజు వాడే కత్తి సాన మీద నూరి, తోలుపట్టీ మీద పదును తెచ్చినదై ఉండాలి. నూరడం, పదును తేవడం, గీయడం, మూడూ శిష్యుడి చేతనే జరగాలి. మామకు ఆయన తండ్రి అలాగే గడ్డమిచ్చాడట. ఇచ్చిన తరువాత ఒక్క మాట కూడా అనకుండా లేచి పోయాడట. ఆ మౌనాన్ని మామ జీవితమంతా పతకంలా చెప్పుకొన్నాడు.

నా వంతు వచ్చేలోగా కాలం మారిపోయింది. ఒకరికి వాడిన కత్తి మరొకరికి వాడితే జబ్బులు అంటుకొంటాయన్న భయం ఊళ్ళలోకి వచ్చింది. ఆ భయం న్యాయమైనదే. గిరాకీ ఎదురుగానే కొత్త బ్లేడును సగానికి విరిచి, పిడిలో బిగించి గీయడం అందరికీ అలవాటైంది. ఇప్పటికీ నా సెలూనులో ప్రతి గిరాకీకి కొత్త బ్లేడే వాడతాను. పాత కత్తి పెట్టెలోకి, తోలుపట్టీ అటక మీదికి చేరాయి. సొరకాయలతో మొదలైన నా చదువుకు ఆఖరి పరీక్ష మాత్రం మిగిలిపోయింది.

ఇంకొక చదువు నేను పూర్తి చేశాను. పగలు కత్తెర పట్టి, సాయంత్రం సెలూను మూసి, రాత్రి కళాశాలలో చదివి బి.ఏ. పట్టభద్రుడినయ్యాను. ఈ మాట నేను ఎక్కడ చెప్పినా తల ఎత్తి చెబుతాను, ఇక్కడ కూడా అలాగే చెబుతున్నాను. ఆ పట్టా పత్రానికి చట్రం కట్టించి సెలూను గోడకు తగిలించిన రోజు మామ జమ్మలమడుగు నుంచి పనిగట్టుకొని వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకొని చాలాసేపు చూశాడు. కుర్చీలో కూర్చొని అద్దంలోంచి మళ్ళీ చూశాడు.

"అద్దానికి ఎదురుగా తగిలిచ్చినావు గదరా. గిరాకీలకు అచ్చరాలన్నీ ఎనక్కి తిరిగి కనిపిస్తాండాయి. మీ అల్లుడు ఏం సదివినాడప్పా అంటే నేనేమని జెప్పాల?" అన్నాడు.

ఆ రోజు నుంచి నన్ను పేరుతో పిలవడం మానేశాడు. "రేయ్ బీయే" అనడం మొదలుపెట్టాడు. అందులో ఎగతాళి ఎంత ఉందో, మురిపెం ఎంత ఉందో నేను ఎన్నడూ తూచలేదు. నాకు తెలిసింది ఒకటే. జమ్మలమడుగు బస్టాండులో అపరిచితుల దగ్గర కూడా ఆయన "మా బీయే ఉండాడే" అని మాట మొదలుపెట్టేవాడు.

తరువాత కొన్నేళ్ళకు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి పడిపోయింది, ముఖంలో కుడివైపు జారింది. మాట మొద్దుబారినా కొన్నాళ్ళకు తెలిసేలా వచ్చింది. డోలు కొడుకు చేతికి వెళ్ళింది. కత్తి పట్టే చేయి ఒడిలో పడుకొని ఉండిపోయింది. అన్నిటికంటే మమ్మల్ని బాధపెట్టింది ఆయన గడ్డం. అంతవరకు తన గడ్డం తానే గీసుకొనేవాడు. ఇప్పుడు ఎవ్వరినీ దగ్గరికి రానివ్వలేదు. కొడుకు బ్లేడు పట్టుకొని వస్తే ముఖం గోడవైపు తిప్పుకొన్నాడు. చెంపలు ముట్టించిన మనిషికి తెల్లని గడ్డం ఛాతీ మీదికి దిగింది. వీధిలోకి రావడం మానేశాడు.

ఊళ్ళో తేరు దగ్గరపడుతోంది. తేరు ముందు మేళంలో నడవడం ఆయనకు చిన్ననాటి నుంచి ఉన్న హక్కు. నడవలేకపోయినా, కనీసం వీధి మొదట్లో కుర్చీ వేసుకొని కూర్చోవాలని మా అందరి కోరిక.

"ఈ మొగంతో నేను తేరుకాడికి రాను. సామికి నున్నని చెంపలే తెలుసు" అని ఆయన తేల్చి చెప్పాడు.

నా భార్య ఆయన్ను చూడడానికి పుట్టింటికి వెళ్ళి వచ్చింది. మరునాడు నా దగ్గరకు వచ్చి, "బావా, నాయన్ను అట్ల చూల్లేకున్నా. నువ్వు పోయి అడుగు. నీ మాటయితే ఇంటాడేమో" అంది.

మంగళవారం మా వృత్తికి సెలవు. ఆ మంగళవారం నేను జమ్మలమడుగు వెళ్ళి అరుగు మీద ఆయన పక్కన కూర్చొని, గడ్డం చేస్తానని అడిగాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "దేంతో జేస్తావ్?"

"కొత్త బ్లేడు తెచ్చినా మామా."

"బ్లేడా?" ఆ మాటను పుల్లని వస్తువులా పక్కకు ఉమ్మేశాడు. "రేయ్ బీయే, నేను ఇంగ ఎవరికన్నా గెడ్డం ఇయ్యాలంటే ఒగసారే ఇస్తా. అది ఎట్ల ఇయ్యాల్నో నీకు తెలుసు. కత్తి యాడుంది? పట్టీ యాడుంది? ఆ రెండూ సరిజేసి తీసుకొచ్చి అడుగు. అప్పుడు సూస్తా."

ఆయన వద్దనలేదు. ఇన్నేళ్ళు మిగిలిపోయిన ఆఖరి పరీక్ష పెట్టాడు. తేరు నాటికి ఆ పట్టీ సిద్ధం కాకపోతే ఆయన వీధిలోకి రాడు, నేను ఎన్నటికీ పనివాడిని కాను. అంతకంటే పెద్ద పందెం నా జీవితంలో మరొకటి లేదు.

కత్తి దొరికింది. కొమ్ము పిడి ఉన్న ఆ కత్తిని అత్త పెట్టెలో నూనెగుడ్డ చుట్టి భద్రంగా ఉంచింది. పట్టీ మాత్రం అటక మీద లేదు. వెతికి వెతికి అలసిపోయి కిందికి దిగేసరికి, మా బామ్మర్ది తేరు కోసం డోలు సవరించుకొంటూ కనిపించాడు. డోలుకు కట్టి భుజాన వేసుకొనే పట్టీ మీద నా కన్ను పడింది. ఒకవైపు తోలు, ఒకవైపు మందపు నూలుపట్టీ, చివర ఇత్తడి రింగు.

"ఇది నీకు యాడ దొరికిందిరా?"

"అటక మీద ఊరికే పడుంటే తీసుకున్నా బావా. శానా గట్టిది. ఎన్ని పెండ్లిండ్లకు మోసిందో. ఏం, ఏమైంది?"

నేను పట్టీని డోలు నుంచి విప్పి చేతిలోకి తీసుకొన్నాను. పులివెందులలో జట్కా గుర్రాలకు జీనులు కుట్టే ఒక సాయిబు, మామ తండ్రి చేతి పనికి మెచ్చి, మంచి జీను తోలులోంచి కోసి ఇచ్చిన పట్టీ అది. మా చిన్నతనంలో దానిని తాకాలంటే చేతులు కడుక్కోవాలి. ఇప్పుడు అది మా బామ్మర్ది భుజం చెమట అంతా తాగి, ఉప్పు పేరుకొని, మధ్యలో మడతపడి, అంచులు పైకి లేచి ఉంది. వేలితో నొక్కితే పెళుసుగా చప్పుడు చేసింది. రింగు దగ్గర కుట్టు విడిపోయింది.

దాన్ని ప్రొద్దుటూరుకు తీసుకొని వచ్చాను. రోజూ సెలూను మూసిన తరువాత దాని ముందు కూర్చొనేవాడిని. తడిగుడ్డకు కాస్త సబ్బు రాసి ఉప్పును పొరలు పొరలుగా తుడిచాను. నీళ్ళు పోయకుండా తుడవాలని నాకు తెలుసు. నూలుపట్టీని విప్పి ఉతికి ఆరవేశాను. విడిపోయిన కుట్టును మైనం పూసిన దారంతో పాత రంధ్రాలలోనే మళ్ళీ కుట్టాను. ఉప్పు పోయేసరికి తోలు అసలు రంగు కనిపించింది. పాకంలా ముదురు గోధుమరంగు. ఆ రోజు నేను, నా భార్య దానిని దీపం వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి ఎంత సంతోషించామో చెప్పలేను.

మడత మాత్రం పోలేదు. ఆ మడత ఉన్నంతవరకు కత్తి సమంగా ఆనదు. తరువాతి మంగళవారం పట్టీని జమ్మలమడుగు తీసుకువెళ్ళి బామ్మర్దికి చూపించాను.

"ఓస్, ఇంతేనా? తోలు మడత తీసేది నాకు నేర్పుతావా బావా? రేపటికంతా సరిజేస్తా, ఈడ పెట్టిపో" అన్నాడు.

డోలుకు తోలు బిగించే చేతులవి. నేనూ ఆ మేళం ఇంటివాడినే కనుక నమ్మి వదిలిపెట్టాను. మరుసటి వారం వెళ్ళేసరికి వాడు చేసిన పని ఇది: పట్టీని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, డోలు తోలును లాగినట్లే నాలుగువైపులా తాళ్ళతో చట్రానికి బిగించి, జమ్మలమడుగు ఎండలో మిద్దె మీద ఆరబెట్టాడు. మడత పోయింది. దానితోపాటు మెత్తదనమంతా పోయింది. పట్టీ పలకలా బిగుసుకుపోయింది. వాడు గర్వంగా దాని మీద వేలి కణుపులతో కొట్టి చూపించాడు.

"ఇను బావా. ఎట్ల మోగుతాండాదో!"

నిజంగానే మోగింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అరుగు మీది నుంచి ఒక విచిత్రమైన శబ్దం వచ్చింది. మామ నవ్వుతున్నాడు. పక్షవాతం వచ్చాక ఆయన నవ్వడం మేము చూడలేదు. నోరు ఒకవైపే తెరుచుకొంటోంది, గడ్డమంతా ఊగుతోంది, ఎడమ చేత్తో తొడ మీద కొట్టుకొంటున్నాడు. అత్త వంటింట్లోంచి పరుగెత్తుకొని వచ్చి ఆయన్ను చూసి అక్కడే నిలబడిపోయింది.

"రేయ్, మీరిద్దరూ మేళపోళ్ళురా! ఇంగ మీకు తోలంటే డోలే. అది మోగేదానికి గాదు. గమ్మునుండేదానికి. ఇట్ల తే" అన్నాడు.

పట్టీని ఒడిలో పెట్టించుకొన్నాడు. ఎడమ బొటనవేలుతో ఒక చివర నుంచి మరో చివర వరకు నెమ్మదిగా నొక్కుకొంటూ వెళ్ళాడు. ఆయన ముఖంలో నవ్వు పోయి, గిరాకీ చెంపను మొదటిసారి తాకేటప్పటి శ్రద్ధ వచ్చింది.

"సావలేదులే. ముసిలిదయింది అంతే. తడిగుడ్డలో సుట్టి నీడలో పెట్టు. నీళ్ళు ముట్టొద్దు. మెత్తగయినాక రవ్వంత ఆముదం, ఎచ్చజేసి. ఇంత పోసినావనుకో, కత్తి జారిపోతాది, పదునుకు దొరకదు. ఆమీదట గాజుసీసాతో ఒత్తు. సీసా ఆపాల్నో వొద్దో పట్టీనే నీకు జెప్తాది."

రోజూ సెలూను మూసి జమ్మలమడుగు వెళ్ళి, అన్నీ ఆయన చెప్పినట్లే చేశాను. సీసాకు సన్నటి గరుకు కాగితం చుట్టి పైపొరను తేలికగా రుద్దినప్పుడు ఒక అంచు దగ్గర నొక్కు కనిపించింది. కత్తిని వెన్ను మీద తిప్పకుండా అంచు మీద తిప్పితే తోలు అలా తెగుతుంది. చిన్నప్పుడు ఆ నొక్కు ఎవరు పెట్టారని అడిగితే, పని చేతగాని తన తమ్ముడు పెట్టాడని మామ చెప్పేవాడు. ఆ తమ్ముణ్ణి ఇంటిల్లిపాదీ జీవితమంతా ఏడిపించింది. నొక్కు పోయేలా రుద్దుదామా అని మామను అడిగాను.

"తియ్యొద్దు." ఆయన అటూ ఇటూ చూసి, అత్త వినడం లేదని నిర్ధారించుకొని, గొంతు తగ్గించాడు. "అది వాడు పెట్టింది గాదులే. నాదే. మా నాయనతో జెప్పుకోలేక వాని మీద ఏసినా. ఉండనీ. నా సేతిది అదొకటి ఉండనీ."

ఆఖరి మెట్టు నురగ. గడ్డానికి కలిపే సబ్బునే చిక్కగా నురగ తీసి, తోలు మీద పూసి, అరచేత్తో తోలు లోపలికి ఇంకేలా రుద్దాలి. రుద్ది ఆరనివ్వాలి, మళ్ళీ రుద్దాలి. అదే పాత పద్ధతి. రెండు మూడు రోజులు నేను రుద్దిన తరువాత మామ పట్టీని నా దగ్గర నుంచి లాగేసుకొన్నాడు. అక్కడి నుంచి తేరు వచ్చేవరకు అది ఆయన ఒడి దిగలేదు. పొద్దున లేచి కాఫీ తాగి అరుగు మీద కూర్చొని ఎడమ అరచేత్తో రుద్దడం మొదలుపెట్టేవాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగి ఏంది మామా ఇది అంటే, "మా బీయేకు పరీచ్చ ఉండాది. కాయితం నేను తయారుజేస్తాండా" అనేవాడు. వీధివైపు వీపు తిప్పుకొని కూర్చొనే మనిషి అప్పుడే మళ్ళీ వీధికి ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టాడన్న సంగతి నా భార్య చెబితేగాని నేను గమనించలేదు.

తేరు రోజు పొద్దున్నే జమ్మలమడుగు చేరాను. మూసి ఉన్న తన పాత సెలూనును మామ తెరిపించి, కుర్చీ తుడిపించి ఉంచాడు. ఈ విషయం తాను ఎవరికీ చెప్పలేదని అన్నాడు. కాని వాకిట్లో నిలబడడానికి చోటు లేదు. ముందు బెంచీ మీద మామ పాత గిరాకీ, ఆయన వయసువాడే అయిన బట్టల కొట్టు శెట్టి దర్జాగా కూర్చొని ఉన్నాడు.

"ఏమప్పా, అల్లునికి గొంతు అప్పజెప్తాండావు. కూతుర్ని ఇచ్చేటప్పుడు ఇంత మందిని పిల్చలేదే?" అన్నాడు శెట్టి.

"కూతుర్ని ఇచ్చేదానికి ఆలోచన జెయ్యలేదు శెట్టీ. గొంతు ఇచ్చేదానికే ఇన్నేండ్లు ఆలోచన జేసినా" అన్నాడు మామ.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. పట్టీ రింగును కుర్చీ కొక్కేనికి తగిలించి, రెండో చివర ఎడమ చేత్తో పట్టుకొన్నాను. సాన మీద నేనే నూరి తెచ్చిన కత్తి వెన్నును తోలుకు ఆనించి ముందుకు తీసి, వెన్ను మీదే తిప్పి వెనక్కి తీశాను. పట్టీ మోగలేదు. పట్టుచీర కుచ్చిళ్ళు కదిలినట్లు ఒక మెత్తని చప్పుడు మాత్రం చేసింది. మామ కళ్ళు మూసుకొని వింటున్నాడు.

"ఇంగా."

మళ్ళీ తీశాను.

"ఇంగా. రవ్వంత నెమ్మది... ఆఁ. సాలు."

తన గడ్డంలోంచి ఒక వెంట్రుకను తానే పీకి ఎడమ చేత్తో పట్టుకొన్నాడు. కత్తిని దాని దగ్గరకు తెచ్చాను. తాకిందో లేదో తెలియలేదు, వెంట్రుక సగం కింద పడింది. మామ కుర్చీలో వెనక్కి వాలి, మెడ ఎత్తి, కళ్ళు మూసుకొన్నాడు.

కత్తెరతో గడ్డాన్ని తగ్గించి, వేడినీళ్ళ గుడ్డ కప్పి, నురగ పట్టించాను. ఎడమ చెంప సులువుగా వచ్చింది. కష్టం కుడి చెంపలో ఉంది. పక్షవాతంతో జారిన చర్మం కత్తి కింద మడతలు పడుతుంది, తెగుతుంది. సొరకాయ అలా ఉండదు, ఏ గిరాకీ చెంపా అలా ఉండదు. బొటనవేలును చెవి దగ్గర ఆనించి చర్మాన్ని పైకి తీసిపట్టాను. ఆ క్షణంలో ఆయన చెంప నా వేలి కింద ఆరోగ్యంగా ఉన్నప్పటి ఆకారానికి వచ్చింది. నేను చిన్నప్పుడు చూసిన మామ ముఖం నురగలోంచి బయటికి వస్తున్నట్లు అనిపించింది. గొంతు దగ్గరకు వచ్చినప్పుడు ఆయన గుటక వేయడం ఆపేశాడు. నా పని నాకు వదిలేసి శ్వాస బిగబట్టాడు. నా చేయి వణకలేదు. ఇది ప్రగల్భం కాదు, అక్కడ ఉన్నవాళ్ళంతా చూశారు.

ముఖం కడిగి తుడిచాక మామ ఎడమ చేయి చాచాడు.

"పటిక."

అదే అసలు పరీక్ష. చర్మం మీద కంటికి కనిపించనంత గాటు పడినా పటిక మండుతుంది. ఎవ్వరూ దాచలేరు. ఆయన పటికబిళ్ళను నీళ్ళలో ముంచి, కుడి చెంప మీద నెమ్మదిగా రుద్దుకొన్నాడు. ఎడమ చెంప మీద, గడ్డం కింద, గొంతు మీద. వాకిట్లో అందరి కళ్ళూ ఆయన కనుబొమల మీద ఉన్నాయి. నావి కూడా. కనుబొమ ముడిపడితే నేను ఓడినట్లే.

ముడిపడలేదు. ఆయన పటికబిళ్ళను గట్టు మీద పెట్టాడు. అద్దంలో తన ముఖాన్ని చూసుకోకుండా అద్దంలోంచి నన్ను చూశాడు.

"సల్లగుండాది" అన్నాడు.

ఆయన తండ్రి మౌనంగా లేచి పోయాడని ఇందాక చెప్పాను. మామకు మౌనం చేతకాదు కదా! శెట్టి చేయి లాగి చెంపకు ఆనించుకొన్నాడు. "ముట్టుకో శెట్టీ. ఒత్తి సూడు. మా బీయే జేసినాడు. నా పట్టీ మీద, నా కత్తితో. ఇట్లాంటి పనోడు ఈ చుట్టుపక్కల ఎవురన్నా ఉండాడేమో అడుగు!" అన్నాడు. పనోడు అన్న మాట నా గురించి ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి. విశ్వవిద్యాలయం ఇచ్చిన పత్రం మీద నాకు ఉన్న గౌరవం ఆ రోజు రవ్వంత కూడా తగ్గలేదు. దాని పక్కన నిలబడగలిగినది మరొకటి చేరింది, అంతే.

ఆ సాయంత్రం వీధి మొదట్లో కుర్చీ వేసుకొని కూర్చొని తేరును చూశాడు. మేళం ఆయన ముందుకు వచ్చినప్పుడు మా బామ్మర్ది ఆగి, తండ్రికి ఎదురుగా నిలబడి వాయించాడు. వాడి భుజాన కొత్త నూలుపట్టీ ఉంది. మామ ఎడమ చేయి కుర్చీ చేతి మీద తాళం వేసింది. దర్శనానికి పోయేవాళ్ళలో సగం మంది ఆయన చెంప ముట్టుకోకుండా ముందుకు పోలేకపోయారు.

పట్టీని నాకే ఇచ్చాడు. అప్పటి నుంచి నా సెలూనులో పత్రం పక్కనే వేలాడుతోంది. ఏ గిరాకీకీ వాడలేదు. మంగళవారాలలో జమ్మలమడుగు వెళ్ళి ఒక్క మామకు మాత్రమే దాని మీద పదును తెచ్చిన కత్తితో గడ్డం చేసేవాడిని. ప్రతిసారీ ఆయన పటిక అడిగేవాడు. ప్రతిసారీ నేను ఆయన కనుబొమల వైపు చూసేవాడిని.

ఫోను వచ్చిన రోజు నేను వెళ్ళేసరికి ఆయనను వాకిట్లో పడుకోబెట్టారు. స్నానానికి ముందు పోయినవాళ్ళకు గడ్డం చేసి సాగనంపడం మా ఇంటి ఆచారం. మా బామ్మర్ది పక్కకు జరిగి నాకు చోటు ఇచ్చాడు. "నువ్వే జెయ్యి బావా. ఆయప్ప ఇంగెవరికీ గెడ్డం ఈడు" అన్నాడు.

పట్టీని వాకిటి స్తంభానికి ఉన్న మేకుకు తగిలించాను. కత్తి తీశాను. అదే మెత్తని చప్పుడు. లోపల ఏడుస్తున్నవాళ్ళు కొంతసేపు ఆగి విన్నారు. ఆయన అరచేయి రోజుల తరబడి రుద్దిన చోట తోలు మిగతా పట్టీకంటే నల్లగా, నున్నగా ఉంది. అంచు దగ్గర ఆయన నొక్కు ఉంది. బొటనవేలును చెవి దగ్గర ఆనించి కుడి చెంపను పైకి తీసిపట్టి, సగంలో ఆపకుండా, తొందరపడకుండా పూర్తి చేశాను. నా భార్య వంగి తండ్రి చెంపను తన చెంపతో తాకి, "నున్నగుండావు నాయనా" అంది.

పటికబిళ్ళను నీళ్ళలో ముంచాను. ఈసారి నేనే రాశాను. కుడి చెంప మీద, ఎడమ చెంప మీద, గడ్డం కింద, గొంతు మీద. రాసి, చేయి వెనక్కి తీసుకొని, అలవాటు కొద్దీ ఆయన కనుబొమల వైపు చూస్తూ నిలబడ్డాను.